దోషి లేని దోషం

మహాభారతం ఆనుశాసనిక పర్వం ఒక చావు కథతో మొదలవుతుంది. కురుక్షేత్రంలో పోయిన ప్రాణాలన్నిటికీ తానే కారణమని ధర్మరాజు కుమిలిపోతుంటే, అంపశయ్య మీదున్న భీష్ముడు అతనికి గౌతమి కథ చెబుతాడు. గౌతమి ముసలిది. ఆమె కొడుకు పాము కాటుకు చనిపోయాడు. వేటగాడొకడు ఆ పామును కట్టి తెచ్చి, దీన్ని ఎలా చంపమంటావని అడుగుతాడు. చంపినంత మాత్రాన కొడుకు తిరిగి రాడు, వదిలెయ్యమంటుంది ఆమె. వేటగాడు ఒప్పుకోడు. అప్పుడు పాము నోరు విప్పి, నేను పనిముట్టును మాత్రమే, నన్ను మృత్యువు పంపిందంటుంది. మృత్యువు వచ్చి, నన్ను కాలం నడిపించిందంటుంది. చివరికి కాలం వచ్చి, తప్పు మా ముగ్గురిదీ కాదు, ఆ పిల్లవాడు పూర్వం చేసుకున్న కర్మే వాణ్ణి చంపిందని తేలుస్తుంది. కష్టంలో ఉన్నవాణ్ణి చూసి ‘ఏ జన్మలో ఏం పాపం చేసుకున్నాడో’ అనడం మన నోళ్లకు ఎంత అలవాటో అందరికీ తెలుసు. ఆ మాట వెనుక ఉన్నది కాలం చెప్పిన తీర్పే. కీడు జరిగిందంటే దాన్ని చేసినవాడు ఉండి తీరాలి, బయట ఎవరూ దొరక్కపోతే బాధపడుతున్నవాడిలోనే వెతకాలి. ఇందులోని ‘ఉండి తీరాలి’ అన్న ముక్క నిజం కాదని నా వాదన. దానికి సాక్ష్యాన్ని నేను పురాణాల్లో వెతకడం లేదు. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నెల్‌లో షెడ్యూలర్ లాక్‌లను సరిచేసేవారి పనిలో ఆ సాక్ష్యం దండిగా ఉంది.

షెడ్యూలర్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌లో వంతులు వేసే భాగం. ఎనిమిది ప్రాసెసర్ కోర్‌లున్న ఫోన్‌లో వందల టాస్కులు నడవాల్సి ఉంటుంది. ఇప్పుడు ఎవరి వంతు, ఎంతసేపు, ఏ కోర్ మీద అన్నది షెడ్యూలర్ తేలుస్తుంది. లినక్స్‌లో ఒక్కో కోర్‌కు ఒక్కో వరస ఉంటుంది, దాన్ని రన్‌క్యూ అంటారు. ఒకే వరసను ఒకే క్షణాన ఇద్దరు మారిస్తే లెక్క చెడిపోతుంది. ఒక టాస్క్ రెండు చోట్ల నడిచినా నడవవచ్చు, ఎక్కడా లేకుండా పోయినా పోవచ్చు. అందుకని ప్రతి రన్‌క్యూకూ ఒక లాక్ పెట్టారు. దాన్ని పట్టుకున్నవారే వరసను ముట్టుకోవాలి. ఈ లాక్‌కు ఇంకో ప్రత్యేకత ఉంది. కెర్నెల్‌లో చాలాచోట్ల లాక్ దొరకని టాస్క్ నిద్రపోయి, దొరికినప్పుడు లేస్తుంది. రన్‌క్యూ లాక్ కోసం ఎదురుచూసేవారికి ఆ వీలు లేదు. నిద్రపుచ్చేదీ లేపేదీ షెడ్యూలరే. అదే నిద్రపోతే లేపే దిక్కుండదు. కాబట్టి ఆ కోర్ మరే పనీ చేయకుండా, దొరికిందా దొరికిందా అని అక్కడే చుట్టూ తిరుగుతూ ఉంటుంది. ఇక్కడ చిక్కుముడి పడితే యంత్రం నిలువునా ఆగిపోతుంది.

ఆ చిక్కుముడి ఎలా పడుతుందో నిదానంగా చూడాలి, నా వాదనకు మూలం అదే. ఒక కోర్ మీద పని పేరుకుపోయి మరో కోర్ ఖాళీగా ఉంటే టాస్కులను అటునుంచి ఇటు జరపాలి. అలా జరిపే కొన్ని మార్గాల్లో రెండు వరసల లాక్‌లూ ఒకేసారి చేతిలో ఉండాలి. మొదటి కోర్ తన లాక్ పట్టుకుని రెండోదాని కోసం చూస్తుంది. సరిగ్గా అప్పుడే రెండో కోర్ తన లాక్ పట్టుకుని మొదటిదాని కోసం చూస్తుంది. చేంతాడు ఒకరి చేతిలో, చేద ఇంకొకరి చేతిలో ఉండి, ఇద్దరూ రెండోది వస్తేగానీ తమది వదలమని బావి గట్టున నిలబడినట్టు. దీన్నే డెడ్‌లాక్ అంటారు. 1971లో కాఫ్‌మన్, ఎల్‌ఫిక్, షొషాని అనే ముగ్గురు దీనికి నాలుగు షరతులు చెప్పారు: ఒక వనరు ఒక సమయంలో ఒక్కరి దగ్గరే ఉండటం, ఉన్నదాన్ని పట్టుకునే ఇంకోదాని కోసం ఎదురుచూడటం, ఒకరి చేతిలోది ఇంకొకరు లాక్కోకపోవడం, ఆ ఎదురుచూపులు వలయంగా కలవడం. నాలుగూ ఒక్కచోట కుదిరితేనే ముడి పడుతుంది. మొదటి మూడింటినీ మంచిచెడ్డల కళ్లతో చూడండి. మొదటిది వస్తువును భద్రంగా ఉంచడం, రెండోది మొదలుపెట్టిన పనిని సగంలో వదలకపోవడం, మూడోది ఎదుటివారి సొత్తుకు చెయ్యి చాపకపోవడం. ఏ పెద్దమనిషినైనా మనం మెచ్చుకునేది వీటికే. నాలుగోది, ఆ వలయం, ఎవరి గుణమూ కాదు. మొదటి కోర్‌ను ఎంత పరీక్షించినా అందులో వలయం కనిపించదు, రెండోదానిలోనూ కనిపించదు. అది ఇద్దరి మధ్యా మాత్రమే ఉంది. ఇద్దరూ సద్గుణాలతోనే నడుచుకున్నారు, ఇద్దరూ శాశ్వతంగా చిక్కుకున్నారు. దోషం ఉంది, దోషి లేడు.

దీన్ని సరిచేసిన పద్ధతి కూడా గమనించదగ్గదే. కోర్‌లకు ఓర్పు నేర్పలేదు, త్యాగం బోధించలేదు, ఎవరినీ శిక్షించలేదు. ఒక క్రమం పెట్టారు. రెండు రన్‌క్యూ లాక్‌లు కావలసినప్పుడు ఎవరైనా సరే ఫలానాది ముందు, ఫలానాది తర్వాత పట్టుకోవాలి. చాలాకాలం ఆ క్రమం మెమరీలో చిరునామాను బట్టి ఉండేది. చిన్న చిరునామా లాక్ ముందు. తర్వాత కోర్‌ల సంఖ్యలను బట్టి మార్చారు. అందరూ ఒకే దిక్కున వెళ్తే వలయం ఏర్పడదు. మరి తన లాక్ ముందే పట్టుకున్న కోర్‌కు, క్రమంలో దానికంటే ముందున్న లాక్ అవసరమైతే? ముందుగా, దొరుకుతుందేమో ఒక్కసారి అడిగి చూడవచ్చు. దొరక్కపోతే అక్కడ ఎదురుచూడటానికి మాత్రం వీల్లేదు. తన చేతిలోది వదిలిపెట్టి, రెండింటినీ క్రమంలో తీసుకోవాలి. అంతటితో అయిపోదు. వదిలి మళ్లీ పట్టుకున్న ఆ రెప్పపాటులో లోకం మారిపోయి ఉండవచ్చు. జరపాలనుకున్న టాస్క్ ఇంకా అదే వరసలో ఉందా, ఈలోగా నడవడం మొదలుపెట్టిందా, అది వెళ్లదగిన కోర్‌ల జాబితా మారిందా అన్నీ మొదటినుంచీ చూసుకోవాలి. వదిలిపెట్టడం కంటే, వదిలిన తర్వాత తన పాత జ్ఞానాన్ని నమ్మకపోవడమే కష్టమైన సంగతి. షెడ్యూలర్ కోడ్‌లో సూక్ష్మమైన పొరపాట్లకు అలవాటైన చోటు ఈ పునఃపరీక్షే.

ఈ ముడులను పట్టుకోవడానికి కెర్నెల్‌లో ఒక పరికరం ఉంది, పేరు లాక్‌డెప్. ఇంగో మోల్నార్, అర్యన్ వాన్ డి వెన్ రాశారు, 2006లో 2.6.18 వెర్షన్‌తో కెర్నెల్‌లో చేరింది. ఏ రకం లాక్ చేతిలో ఉండగా ఏ రకం లాక్ తీసుకున్నారో అది నమోదు చేస్తూ పోతుంది. ఒకప్పుడు మొదటిది పట్టుకుని రెండోది తీసుకున్నారని, మరెప్పుడో ఎక్కడో రెండోది పట్టుకుని మొదటిది తీసుకున్నారని కనిపిస్తే చాలు, వలయం ఏర్పడే అవకాశం ఉందని హెచ్చరిస్తుంది. అసలు డెడ్‌లాక్ ఒక్కసారి కూడా జరిగి ఉండనక్కర్లేదు. అది ఇచ్చే నివేదికలో నేరస్థుడి పేరు ఉండదు. ఏది దేని మీద ఆధారపడిందో చూపించే గొలుసు ఉంటుంది. సంయుత్త నికాయంలో మోళియఫగ్గునుడనే భిక్షువు బుద్ధుణ్ణి, అనుభవించేది ఎవరు, తృష్ణ పడేది ఎవరు అని వరసగా అడుగుతాడు. బుద్ధుడు ఆ ప్రశ్నే సరిగా లేదంటాడు; దేన్ని ఆధారం చేసుకుని అనుభవం కలుగుతోంది అని అడగమంటాడు. ఆ సంభాషణకూ లాక్‌డెప్ నివేదికకూ మధ్య రెండు వేల ఏళ్లకు పైగా దూరం ఉన్నా, రెండూ ‘ఎవరు’ నుంచి ‘దేనివల్ల’ వైపు తిరిగాయి. కృష్ణా తీరాన తన పేరు మోస్తున్న కొండ ఉన్న బౌద్ధ తాత్వికుడు నాగార్జునుడు కూడా మూలమధ్యమకకారికను ప్రత్యయాల, అంటే కారణాల, పరీక్షతోనే మొదలుపెట్టాడు. మన నేలకు ఈ ఆలోచన కొత్తది కాదు. దాన్ని మనం నిత్యవ్యవహారంలోకి తెచ్చుకోలేదు, అంతే.

డెడ్‌లాక్ కంటే నన్ను ఎక్కువగా కదిలించేది ఇంకో రకం ముడి, ప్రయారిటీ తారుమారు కావడం. 1997 జులై 4న అంగారకుడి మీద దిగిన పాత్‌ఫైండర్ అనే వ్యోమనౌక కొద్ది రోజులకే తనంతట తాను రీసెట్ కావడం మొదలుపెట్టింది. అందులో వీఎక్స్‌వర్క్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ నడిచేది. సమాచారం అటూ ఇటూ పంపే ‘బస్’ అనే మార్గాన్ని నిర్వహించే టాస్క్‌కు ప్రయారిటీ ఎక్కువ. వాతావరణ వివరాలు సేకరించే టాస్క్‌కు తక్కువ. ఇద్దరికీ ఒకే లాక్ కావాలి. చిన్నవాడు లాక్ పట్టుకుని పనిచేస్తుండగా, ఆ లాక్‌తో సంబంధమే లేని మధ్యరకం టాస్కులు వచ్చి, ప్రయారిటీ ఎక్కువ కాబట్టి అతన్ని పక్కకు నెట్టి తమ పని చేసుకున్నాయి. చిన్నవాడికి వంతు రాదు కాబట్టి లాక్ వదలలేడు. అతను వదలనిదే పెద్దవాడు కదలలేడు. గడువు తప్పిందని గమనించిన సిస్టమ్ అంతా మొదటినుంచీ మొదలుపెట్టింది. ఇందులోనూ తప్పు చేసినవారు లేరు. మధ్యవారు తమ హక్కు ప్రకారమే వచ్చారు. చిన్నవాడు లాక్‌ను ఒక్క క్షణం ఎక్కువ ఉంచుకోవాలనుకోలేదు. మందు ఏమిటంటే, ఎదురుచూస్తున్న పెద్దవాడి ప్రయారిటీని, లాక్ వదిలేదాకా, పట్టుకున్న చిన్నవాడికి ఇవ్వడం. ఈ ప్రయారిటీ వారసత్వాన్ని 1990లో షా, రాజ్‌కుమార్, లెహోక్జీ సిద్ధాంతంగా రాశారు. వీఎక్స్‌వర్క్స్‌లో ఆ సదుపాయం అప్పటికే ఉంది, ఆ లాక్‌కు మాత్రం దాన్ని ఆన్ చేయలేదు. ఇంజినీర్లు భూమ్మీది నమూనాలో అదే వైఫల్యాన్ని మళ్లీ పుట్టించి, కారణం కనుక్కుని, మార్పును అంగారకుడికి పంపారు.

ఇక్కడ కాలం చెప్పిన తీర్పును మళ్లీ ఎత్తుతాను. లినక్స్‌లో ఎక్కువసేపు కదలకుండా చిక్కుకున్న టాస్కులను కనిపెట్టే ఒక కాపలా ఉంది. మామూలు అమరికలో, ఒక టాస్క్ 120 సెకన్లకు మించి అలా ఆగిపోతే దాని పేరును లాగ్ అనే చిట్టాలో రాస్తుంది. ఆ పేరు ఎవరిది? ఆగిపోయినవాడిది. ఆపినవాడిది కాదు. లాగ్ చదవడం కొత్తైతే, పేరు కనిపించిన ప్రోగ్రామ్‌లోనే లోపం ఉందనుకోవడం సహజం. కాస్త అనుభవం వచ్చాక, అది దేనికోసం చూస్తోంది, అది ఎవరి దగ్గర ఉంది, వారు ఎందుకు వదలలేకపోతున్నారు అని గొలుసు పట్టుకుని నడుస్తారు. కాలం చేసినది ఆ కొత్తవాడి పొరపాటే. పాము దగ్గర ఆగకపోవడం సరైనది. మృత్యువు దగ్గర, తన దగ్గర కూడా ఆగకపోవడం సరైనదే. కానీ గొలుసు చివర ఎక్కడో ఒక దోషి ఉండి తీరాలన్న నమ్మకం విడవలేక, లాగ్‌లో కనిపించిన పేరు మీదికే, చచ్చిపోయిన పిల్లవాడి మీదికే, తీర్పును తోసింది. వేరే ఎవరూ మిగలకపోవడమే అక్కడ అతని నేరానికి సాక్ష్యం. అది సాక్ష్యం కాదు.

ఇంత చెప్పాక వచ్చే మొదటి ఆక్షేపణ నాకు తెలుసు: కోర్‌లు నిర్దోషులే కావచ్చు, ప్రోగ్రామ్ రాసిన మనిషి ఉన్నాడు కదా? ఉన్నాడు. కానీ వలయంలోని రెండు కొసలను తరచుగా ఇద్దరు వేర్వేరు మనుషులు, వేర్వేరు ఏళ్లలో రాస్తారు, రాసిన రోజున రెండూ సరైనవే. షెడ్యూలర్‌లోనే ఒక ఉదాహరణ ఉంది. రన్‌క్యూ లాక్ చేతిలో ఉండగా ఏదో అసంగతం కనిపించి, షెడ్యూలర్ ఒక హెచ్చరిక ముద్రిస్తుంది. నిజం చెప్పడం మంచిదే. ఆ ముద్రించే ఫంక్షన్, సందేశం చదవడానికి నిద్రపోతున్న టాస్క్‌ను లేపుతుంది, అదీ మంచిదే. లేపడానికి రన్‌క్యూ లాక్ కావాలి, అది అప్పటికే ఆ కోర్ చేతిలోనే ఉంది. తన లాక్ కోసం తానే ఎదురుచూస్తూ కోర్ ఆగిపోతుంది. హెచ్చరిక రాసినవారిది తప్పా, లేపే సౌకర్యం రాసినవారిదా? చివరికి అలాంటి చోట్ల సందేశాన్ని దాచి, లాక్ వదిలాక ముద్రించే వేరే మార్గం పెట్టారు. అయితే మనిషికి ఏ బాధ్యతా లేదనడం లేదు. లాక్‌డెప్ గొలుసు చూపించిన తర్వాత కూడా పట్టించుకోనివారు దోషులే. దోషం ముందు పుట్టింది. తెలిసీ ఊరుకున్నప్పుడు దోషి పుట్టాడు.

రెండో ఆక్షేపణ: యంత్రానికి మనసు లేదు, పుణ్యపాపాలు లేవు, దాన్ని చూసి మనుషుల గురించి తేల్చడమేమిటి? మనసు లేకపోవడమే ఈ సాక్ష్యానికి బలం. కీడుకు దురుద్దేశమే మూలమన్నవారిని పరీక్షించాలంటే దురుద్దేశాన్ని పూర్తిగా తీసేసిన చోటు ఒకటి కావాలి. మనుషుల్లో అలాంటి చోటు దొరకదు. ఎంత వెతికినా ఎవరిలోనో ఒక స్వార్థం కనిపిస్తుంది, వాదన అక్కడితో ఆగిపోతుంది. షెడ్యూలర్‌లో స్వార్థం లేదు, సోమరితనం లేదు, పూర్వజన్మ లేదు. అయినా ముడి పడింది. మనుషులకు జరిగే కీడులన్నీ ఇలాంటివేనని దీనివల్ల రుజువు కాదు. ప్రతి కీడుకూ దోషి ఉండి తీరాలన్న మాట మాత్రం నిలవదు. ఒక్క ప్రతికూల ఉదాహరణ చాలు.

మూడోది అన్నిటికంటే బరువైనది, తేలిగ్గా తీసుకోలేను. ‘దోషి లేడు, అంతా వ్యవస్థ’ అనేస్తే నిజమైన దోషులు ఆ మాట చాటున తప్పించుకోరా? పైగా క్రమం, క్రమం అని పాడటం ఈ దేశంలో కొత్తా? వర్ణానికో స్థానం, స్థానానికో ధర్మం అని క్రమం పేరుతోనే కదా శతాబ్దాలు మనుషుల్ని తొక్కింది? మొదటి సగానికి జవాబు: కెర్నెల్ రెండు జబ్బులనూ వేరుగానే చూస్తుంది. లాక్ తీసుకుని వదలడం మరిచిన కోడ్ కూడా ఉంటుంది. దాన్ని కనిపెట్టి, ఆ కోడ్ ఫలానా చోట తప్పని చూపించి, దిద్దుతారు. ముడికి గొలుసు వెతకాలి, మరుపుకు మరిచినచోటు వెతకాలి. ఒకదాని వైద్యం రెండోదానికి చేయకూడదనే నా మాట. రెండో సగానికి జవాబు ఇంకా స్పష్టం. లాక్‌ల క్రమం పట్టుకునేవారి మధ్య అంతస్తు కాదు, పట్టుకునే వస్తువుల వరస. ఏ కోర్‌కూ అందులో పుట్టుకతో వచ్చిన హక్కు లేదు, ఏ కోర్‌కూ ఏ లాక్ అంటరానిది కాదు. నియమం అందరికీ ఒక్కటే. చిన్న చిరునామాకు పెద్ద చిరునామా కంటే పవిత్రత ఉందని ఎవరూ అనలేదు, అందుకే అవసరమైనప్పుడు చిరునామాల క్రమాన్ని తీసేసి సంఖ్యల క్రమం పెట్టగలిగారు. మార్చడానికి వీల్లేదని మొండికేసే క్రమమూ, కొందరికి మాత్రమే వర్తించే క్రమమూ నేను సమర్థిస్తున్న క్రమం కాదు. ఇక నిజంగా అంతస్తులున్న చోట, ప్రయారిటీల దగ్గర, మందు ఏం చేసిందో చూశాం: కిందివాణ్ణి పైవాడి స్థాయికి ఎత్తింది.

ఇన్ని లాక్‌లెందుకు, ఒక్కటే పెద్ద లాక్ పెడితే వలయమే ఉండదు కదా అనవచ్చు. సర్వం ఒక్కరి అధీనంలో ఉంచితే గొడవే లేదన్న రాజనీతి ఇది. లినక్స్ 1996లో 2.0 వెర్షన్‌తో అదే చేసింది, బిగ్ కెర్నెల్ లాక్ అన్నారు. పని సాగింది గానీ, కోర్‌లు ఎన్ని పెరిగినా కెర్నెల్‌లోకి ఒక్కరే వెళ్లాల్సి వచ్చేది. దాన్ని ముక్కముక్కగా విడదీసి పూర్తిగా తొలగించేసరికి 2011 అయింది, 2.6.39 వెర్షన్.

బాధ్యత అన్న మాటకు ఇప్పుడు నా అర్థం చెబుతాను. నేరం వెనక్కి చూస్తుంది, ఎవరు చేశారని. బాధ్యత ముందుకు చూస్తుంది, విడిపించగలిగింది ఎవరని. పాత్‌ఫైండర్‌లో నష్టపోయింది పెద్ద టాస్క్. తన ప్రయారిటీని అరువిచ్చి ముడి విప్పగలిగిందీ అదే. బాధితుడు దోషి అని కాలం అంది. బాధితుడు దోషి కాడు. కానీ కొన్నిసార్లు విడుదలకు కావలసిన బలం అతని దగ్గరే ఉంటుంది, ఎప్పుడూ కాదు. బలం లేని బాధితుడికి ఈ మాట చెప్పడం క్రూరత్వం, అక్కడ అరువివ్వాల్సింది చూస్తూ నిలబడ్డవారు. గౌతమి పామును వదిలించింది, అది నాకు సమ్మతమే. పిల్లవాడి కర్మ అన్న కాలం తీర్పు నాకు సమ్మతం కాదు, దాన్ని మన ఇళ్లలో వల్లించడం మానాలి. లినక్స్ షెడ్యూలర్‌లో ఈ అరువు ఆలోచనను ఇంకా ముందుకు తీసుకెళ్లే పని నడుస్తోంది: ప్రయారిటీ ఒక్కటే కాకుండా, ఎదురుచూసేవాడి వంతునే లాక్ పట్టుకున్నవాడికి ఇచ్చి నడిపించడం. ఇద్దరూ ఒకే కోర్ వరసలో ఉన్న సందర్భానికి సంబంధించిన భాగం 2025లో 6.17 వెర్షన్‌లో చేరింది. ఇద్దరూ వేర్వేరు కోర్‌ల మీద ఉంటే వంతు ఇచ్చేవాణ్ణి అటు జరపాలి. అప్పుడు మళ్లీ రెండు రన్‌క్యూల లాక్‌లూ కావాలి, కష్టమైన భాగం అదే.